మిద్దెలకు దిష్టి మోసిన మనిషి

నంద్యాల జిల్లా అయ్యాక మా వాళ్ళకు ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకుముందు ఆ జబ్బు ఎవరికీ లేదు. ఉండి ఉంటే పాత జిన్నింగ్ మిల్లు నేలమట్టమై అక్కడ కల్యాణ మండపం లేచేది కాదు. సినిమా హాలు కార్ల షోరూము అయ్యేది కాదు. కూలగొట్టిన చేతులతోనే ఇప్పుడు వాటి ఫోటోలు పట్టుకుని 'మన వారసత్వం' అంటున్నారు. బతికుండగా గంజి పోయనివాడు తద్దినానికి గారెలు వండించినట్టుంది వీళ్ళ వ్యవహారం.

'మన జిల్లా, నాటి కట్టడాలు' అని ఒక ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఎక్కడ పెట్టారనుకున్నారు? ఆ జిన్నింగ్ మిల్లును పడగొట్టి కట్టిన కల్యాణ మండపంలోనే. అందులో ఏదో తేడా ఉందని ఒక్కడికీ తట్టలేదు. తట్టే బుర్రలుంటే మిల్లునే ఉంచుకునేవాళ్ళు కదా.

నేను ఆళ్ళగడ్డలో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సభలకూ సన్మానాలకూ పోయే అలవాటు లేదు. ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకోవడం చూడటానికి బస్సు ఎక్కాలా? కానీ ఈ ప్రదర్శనకు పోయాను. అక్కడ మా అమ్మ ముఖం ఉంటుందని పోయాను. భూమ్మీద మరెక్కడా ఆ ముఖం లేదు.

మా అమ్మ బేల్దారి మేస్త్రీల కింద కూలి. నెత్తిన ఇనప బాండ్లి పెట్టుకుని ఇసుక మోసేది, సిమెంటు మోసేది, ఇటుకలు అందించేది. నాయన పోయినాక నన్ను చదివించింది ఆ బాండ్లితోనే. నంద్యాలలో, ఆళ్ళగడ్డలో, అటు చాగలమర్రి దాకా ఆమె చెయ్యి పడని మిద్దె తక్కువ. ఆమె పోయినాక మా చేని గట్టున సమాధి కట్టించాను. దాని మీద ఒక రాయి, రాతి మీద ఆమె బొమ్మ పెట్టించాలని నా కోరిక. ఆళ్ళగడ్డలో అదేమీ వింత కోరిక కాదు. మా ఊళ్ళో రోడ్డు పక్కన రాతి దేవుళ్ళూ రాతి నాయకులూ భుజాలు రాసుకుని నిలబడి ఉంటారు. ఓట్లప్పుడు దేవుళ్ళ కంటే నాయకులనే ఎక్కువ చెక్కుతారు. ముక్కులు మాత్రం చాలామందికి ఒక్కటే.

నాకు తెలిసిన శిల్పి ఒకాయన ఉన్నాడు. పెద్దాయన, నోటి దురుసు మనిషి, పని మాత్రం నికార్సు. ఆయన దగ్గరికి పోయి నల్లరాయి ఎంచుకున్నాను.

"దేవతకైతే కొలతలుండాయి టీచరమ్మా. మనిషికి ఫోటో కావాల. యాడుంది ఫోటో?" అన్నాడు.

అమ్మ ముఖం మసకగా అచ్చుపడిన రేషను కార్డు చేతికిచ్చాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చివరికి అడ్డంగా తిప్పి చూశాడు.

"ఇది మీ యమ్మనా? దీన్ని చూసి చెక్కితే పెద్దమ్మ తల్లి అవుతాది. దినాం కోడి కోయాల్సొస్తాది నువ్వు. వేరేది తీసుకోని రాపో."

వేరేది లేదు. ఆయన నమ్మలేదు. ఎవరూ నమ్మరు. ఫోను లేని ఇల్లు లేదు ఈ రోజుల్లో, తిన్న ఇడ్లీకి కూడా ఫోటో తీసుకుంటున్నారు, కన్నతల్లి ఫోటో లేదా అంటారు. లేదు. అమ్మ ఫోటోకు నిలబడేది కాదు. నా పెళ్ళిలో ఫోటో తీసే మనిషి ఎటు తిరిగితే దానికి ఎదురు దిక్కుకు పోయి, చివరికి వంట పొయ్యిల వెనక కూర్చుంది. నేను పెళ్ళికూతురి చీరతోనే పోయి చెయ్యి పట్టుకుని లాగాను.

"వద్దు పాపా. ఎన్ని మిద్దెల దిష్టి ఉందో నా మింద. నీ ఫోటోలో పడితే నీకు అంటుకుంటాది," అంది.

ఆ మాట ఆమె వేళాకోళానికి అనలేదు. నిజంగా నమ్మింది. ఆమెకు ఆ నమ్మకం అంటగట్టిన వాళ్ళ గురించే ఇప్పుడు చెబుతున్నాను.

అమ్మ వయసులో ఉన్నప్పుడు నంద్యాలలో ఒక బట్టల సావుకారి రెండంతస్తుల షాపు కట్టాడు. ఆ కాలానికి అది పెద్ద మిద్దె. ప్రారంభం నాడు స్టూడియో నుంచి ఫోటో తీసే ఆయన వచ్చి నల్లగుడ్డ కప్పుకున్నాడు. సావుకారి, ఆయన తమ్ముళ్ళు, మామలు, ఊరి పెద్దలు వరసగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు సావుకారికి అనుమానం వచ్చింది. ఫోటో అంటే పదిమందీ చూస్తారు. చూస్తే దిష్టి తగులుతుంది. బూడిద గుమ్మడికాయ కట్టించాడు కానీ అది పైఅంతస్తు చూరుకు వేలాడుతోంది, ఫోటోలో పడదట. మిద్దెకు దిష్టి తీశాడు, మిద్దె ఫోటోకు తీయలేదు! వ్యాపారం చేసే బుర్ర కదా, అన్నిటికీ విడివిడిగా లెక్క చూస్తుంది.

అమ్మ అప్పుడు పెరట్లో మిగిలిన ఇసుక ఎత్తుతోంది. "ఆ నల్లామెను పిల్చుకోని రాండప్పా, ఈ మూలకు నిలబెట్టండి. చూసేటోళ్ళ కండ్లు ఆమె మింద పడతాయి," అన్నాడట సావుకారి. చిరిగిన కోక, నెత్తిన బాండ్లి, కాళ్ళకు సిమెంటు, అలాగే తెచ్చి ఎడమ పక్క స్తంభం దగ్గర నిలబెట్టారు. ఆమె బాండ్లి దించబోతే వద్దన్నారు. ఖాళీ గిన్నెతో నిలబడితే అశుభమట, నిండుగా ఉండాలట. పెద్దమనుషులు జుట్లు దువ్వుకుని, పంచెలు సర్దుకుని, ఎవరు ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకునే దాకా మా అమ్మ నిండు బాండ్లి మోస్తూ ఎండలో నిలబడింది.

ఆ షాపు బ్రహ్మాండంగా నడిచింది. ఎందుకు నడిచిందంటే చీరలు బాగుండి నడిచింది, చుట్టుపక్కల వేరే షాపు లేక నడిచింది. కానీ సావుకారి మాత్రం అమ్మను నిలబెట్టినందుకే నడిచిందన్నాడు. గొర్రెల మందలో ఒకటి గోతిలో దూకితే మిగతావి ఆలోచిస్తాయా? ఆయిల్ మిల్లు వాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. తర్వాత జిన్నింగ్ మిల్లు. తర్వాత సినిమా హాలు, బస్టాండు దగ్గర లాడ్జి, ఆళ్ళగడ్డలో బియ్యం మిల్లు. చివరికి ఒక సర్కారు ఆఫీసు కట్టించిన ఇంజనీరు కూడా జీపు పంపించాడు. సైన్సు చదివినాయన! ఎంత బరువు పెడితే కడ్డీ వంగుతుందో కాగితం మీద లెక్క కట్టగలిగినాయన! ఆయనకూ ఫోటోలో మూలకు ఒక నల్లామె కావలసి వచ్చింది. చదువు మెదడుకు పట్టలేదు, జీతానికే పట్టింది.

ఆ పనిలో అమ్మకు నచ్చింది జీపు ఎక్కడం ఒక్కటే. ఫోటో అయినాక ఒక జాకెట్టు గుడ్డ, ఒక టెంకాయ చిప్ప ఇచ్చేవాళ్ళు. ఒకసారి, లాడ్జి వాళ్ళూ జీపు పంపుతారని తెలిసి, పెట్టెలోని మంచి చీర కట్టుకుని పోయిందట. లాడ్జి ఆయన చూసి కోప్పడ్డాడు.

"ఏందమ్మే ఇది, పెండ్లికి వచ్చినావా? పో, పాత కోక కట్టుకోని రా. కళగా ఉంటే దిష్టి యెట్ల పోతాది?"

అమ్మ ఈ సంగతి నవ్వుతూ చెప్పేది. నేను ఆ నవ్వును క్షమించలేదు, లాడ్జి ఆయనను అంతకన్నా క్షమించలేదు. కానీ చిన్నప్పటి నుంచి నాకు ఒక ధైర్యం మాత్రం ఉండేది. వాళ్ళు ఏ బుద్ధితో తీసినా, మా అమ్మ ఫోటోలు పెద్ద పెద్ద షాపుల్లో గాజు కింద భద్రంగా ఉన్నాయనేది ఆ ధైర్యం. కావలసినప్పుడు పోయి ముఖం చూసుకోవచ్చు అనుకున్నాను. అందుకే ప్రదర్శన సంగతి పేపర్లో చూడగానే స్కూలుకు సెలవు పెట్టి నంద్యాల బస్సు ఎక్కాను.

మండపం ముందు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద కట్టడం ఒక్కటీ లేదు. ప్రదర్శన కమిటీ వాళ్ళ తలకాయలు మాత్రం బండి చక్రాలంత ఉన్నాయి. లోపల పాత ఫోటోలను తలుపంత పెద్దవి చేయించి వరసగా నిలబెట్టారు. నలుపు తెలుపు ఫోటోలకు నీలం ఆకాశం పులిమారు. మా నంద్యాల ఆకాశం ఎప్పుడు అంత నీలంగా ఉందో నాకు తెలీదు. కింద 'వాణిజ్య వైభవం', 'పరిపాలనా సౌధం' అని బంగారు రంగు అక్షరాలు.

మొదటిదే బట్టల షాపు. నేను సావుకారినీ చూడలేదు, ఆయన మామలనూ చూడలేదు. నేరుగా ఎడమ పక్క స్తంభం దగ్గరికి పోయాయి నా కళ్ళు. అక్కడ స్తంభం ఉంది. స్తంభం పక్కన గోడ ఉంది. గోడ ముందర ఎవరూ లేరు.

బహుశా ఇది ఇంకో ఫోటో అయ్యుంటుందని తర్వాతి దాని దగ్గరికి పోయాను. ఆయిల్ మిల్లు. ఎవరూ లేరు. లాడ్జి దగ్గర ఆమె ఉండవలసిన చోట ఒక క్రోటన్ మొక్క కుండీ ఉంది. ఆ కాలంలో నంద్యాలలో క్రోటన్ మొక్క పెట్టుకున్న లాడ్జి ఏదో వాళ్ళే చెప్పాలి. సినిమా హాలు ముందు నేల మీద మాత్రం ఒక నీడ ఉంది. పొట్టి నీడ, దాని తల మీద గుండ్రంగా ఇంకో నీడ. మనిషిని తీసేసిన మహానుభావుడు నీడను తీయడం మరిచిపోయాడు. అది చూశాక నాకు అర్థమైంది.

కమిటీ అధ్యక్షుడు ఎవరని అడిగితే తెల్లచొక్కా కుర్రవాణ్ణి చూపించారు. ఆ బట్టల సావుకారి మనవడే. ఇప్పుడు ఆ షాపులు వాడివి, ఈ మండపం కూడా వాడిదే.

"ఈడ ఒక ఆడమనిషి ఉండాల గదప్పా. ఏమైంది?" అన్నాను.

"ఓ, ఆమెనా? తీయించేసినాం అక్కా," అన్నాడు సంతోషంగా. "ఆమొకటే గాదు, కుక్కలు, సైకిళ్ళు, కరెంటు తీగెలు అన్నీ తీయించినాం. బిల్డింగు నీట్‌గా పడాలని."

"ఆమె మా అమ్మ."

 సిగ్గుపడతాడేమో అనుకున్నాను. నా పిచ్చి.

"ఔనా అక్కా? అయితే మీరూ హెరిటేజ్ ఫ్యామిలీనే!" అని నవ్వి, ఫోటో దిగుదాం రమ్మన్నాడు.

నేను పళ్ళు బిగించుకుని అసలు ఫోటోలు ఎక్కడ ఉన్నాయని అడిగాను. నాకు అవే కావాలి. వాడి నీలం ఆకాశాలు నాకెందుకు? వాడు చెప్పిన జవాబు ఈ భూమ్మీద మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

"అవన్నీ చెదలు పట్టి, గాజు పగిలి ఉండె అక్కా. పగిలిన పటాలు ఇంట్లో పెట్టుకోగూడదు గదా. చెత్తలో యేస్తే మహాపాపం. పెద్దోళ్ళు ఉండారు వాటిల్లో. అందుకని కంప్యూటర్లో ఎక్కించి, పటాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, శ్రీశైలం పోయి పాతాళగంగలో వదిలినాం. అయ్యవారిని గూడ పిల్చుకోనిపోయినాం. శాస్త్రోక్తంగా చేసినాం."

"కంప్యూటర్లో పాతవి ఉండాయా?"

"క్లీన్ చేసినాక పాతవి ఎందుకని తుడిపించేసినాం. జాగా సాల్లేదు."

నేను అక్కడే కుర్చీలో కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది, ఏడవలేదు. ఆ మనుషుల ముందు కన్నీళ్ళు దండగ. దొంగ ఎత్తుకుపోయి ఉంటే తిట్టేదాన్ని. నిప్పంటుకుని ఉంటే విధి అనుకునేదాన్ని. వీళ్ళు భక్తితో చేశారు. పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, ముత్తయిదువులతో హారతి పట్టించి మా అమ్మను కృష్ణలో ముంచారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

నా ముఖం చూసి వాడికి ఏమనిపించిందో, "ఒకటుంది అక్కా, మా షాపులో. మా నాయన వాళ్ళమ్మ, జేజి, దాన్ని తీయొద్దని చెప్పిపోయినాది. చూస్తారా?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. వాడి కారులో పోతున్నంతసేపూ వాడు కొత్తగా కడుతున్న మాల్ గురించి చెప్పాడు. లిఫ్టు ఎక్కడ, మెట్లు ఎక్కడ, పార్కింగు ఎక్కడ. నాకు ఒక్క మాట వినిపించలేదు. అమ్మ ముఖం చూడబోతున్నాను అన్న ఆలోచన ఒక్కటే.

షాపులో గల్లాపెట్టె వెనక, గోడౌనుకు పోయే తలుపు పైన, ఆ ఫోటో ఉంది. అసలు ఫోటో. స్తంభం ఉంది. స్తంభం పక్కన మా అమ్మ ఉంది! ఆ కోక కట్టు, ఆ కాళ్ళు, నెత్తిన చుట్టగుడ్డ, దాని మీద ఇసుక కుప్పగా నింపిన బాండ్లి. స్టూలు వేయించుకుని ఎక్కాను. ముఖం ఉండవలసిన చోట నల్లటి పెచ్చు కట్టి ఉంది.

"అది కాటుక అక్కా," కింద నుంచి చెప్పాడు వాడు. "అమావాస్య అమావాస్యకు జేజి నిమ్మకాయ తిప్పి ఆమె మొగానికి పెట్టేది. గాజు మింద పెడితే పనిచేయదని గాజు తీయించేసింది. జేజి పోయినాక నేనే పెడతాండా. మా షాపుకు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదంటే ఆయమ్మే కారణం."

కృతజ్ఞతగా చెప్పాడు. నేను గోటితో ఆ నలుపును మెల్లగా గీకాను. పెచ్చు ఊడింది. దాంతో పాటు కాగితమూ ఊడింది. కింద తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. చీర కొంగుతో వేలు తుడుచుకున్నాను. ఆ మరక ఇప్పటికీ పోలేదు, నేను పోగొట్టడానికి ప్రయత్నించనూ లేదు.

మిగిలిన దాన్నైనా నా ఫోనులో తీసుకుని స్టూలు దిగాను. వాడు నన్ను ఎగాదిగా చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను పుట్టకముందు వాడి తాత మా అమ్మను చూసిన చూపు అదే అయ్యుంటుంది.

"అక్కా, ఒక మాట. తప్పుగా అనుకోవద్దు. మీకు అచ్చం ఆయమ్మ పోలికలే ఉండాయి. వచ్చే నెల మాల్ ఓపెనింగు. మీరొచ్చి ఊరికే అట్ల పక్కన నిలబడితే... బాండ్లి ప్లాస్టిక్‌ది పెడతాంలే, బరువుండదు. పట్టుచీర పెడతాం."

నేను కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాను.

"వస్తాలేప్పా," అన్నాను. "కానీ ఫోటోలో నేనొక్కదాన్నే పడాల. నీ మాల్ తీసేయించు. నీట్‌గా ఉంటాది."

వాడు తల గోక్కున్నాడు. "బిల్డింగు లేకుంటే ఇంగ ఫోటో ఎందుకక్కా?"

వాడు ఎకసెక్కంగా అడగలేదు. నిజంగానే అర్థం కాలేదు వాడికి. అర్థం కాని వాడితో తగువేముంటుంది? బస్టాండుకు నడిచిపోయాను. దారిలో ఆ లాడ్జి స్థలంలో లేచిన ఆసుపత్రి కనిపించింది. నాలుగో అంతస్తుకు గుమ్మడికాయ కట్టి ఉంది. దానికీ కళ్ళు, కోరలు గీసి, ఒళ్ళంతా నలుపు పూశారు. మా ఊళ్ళలో ఎవరి మంచికైనా ఎవరో ఒకరు నల్లబడాలి.

మరుసటి ఆదివారం శిల్పి దగ్గరికి పోయి ఫోను చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. మిద్దెను వేలితో మూసి, మళ్ళీ చూశాడు.

"నిలబడేది బాగుంది," అన్నాడు. "బాండ్లి బాగుంది. ఒళ్ళు దొరికింది టీచరమ్మా. మొగం యాడుంది?"

షాపులో జరిగింది చెప్పాను. ఆయన ఆ కుటుంబాన్ని ఒక మాట తిట్టాడు, ఇక్కడ రాయలేను కానీ నాకు ఆ మాట చల్లగా తగిలింది. తర్వాత నేను ఆయన ఎదుట ఉన్న రాతి మీద కూర్చుని, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"మా అమ్మ పోలిక నాదే అంటారు అందరూ. నన్ను చూసి చెక్కన్నా."

ఆయన ఉలి కింద పెట్టేశాడు.

"బతికుండే మనిషి మొగం సమాధి రాయికి చెక్కగూడదు. మా నాయన కాలం నుంచి చెక్కలేదు మేము. మంచిది గాదు. నీకు అంటుకుంటాది."

పెళ్ళి పొయ్యిల వెనక అమ్మ అన్న మాట అదే. నాకు ఎందుకో అప్పుడు మొదటిసారి ఏడుపు ఆగలేదు. ఊరందరి దిష్టీ తన మీద వేసుకున్న మనిషి, నాకు మాత్రం ఒక రవ్వ కూడా తగలకూడదని నా పెళ్ళిలో పొగలో కూర్చుంది.

"అంటుకోనీలే అన్నా," అన్నాను. "మా అమ్మదే గదా."

ఆయన లేచాడు. బొగ్గు ముక్క తీసుకుని నల్లరాతి దగ్గర సున్నం పూసిన పలక నిలబెట్టాడు. నా వైపు చూశాడు, పలక వైపు చూశాడు.

"తలకాయ దించుకుంటే యెట్ల? నెత్తిన బాండ్లి ఉండాది మీ యమ్మకు," అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకుని మెడ నిటారుగా నిలబెట్టాను. ఆయన చాలని చెప్పే దాకా దించలేదు.